పావు మైలు: డ్రమ్ము మీద నల్లరంగు

"తీసినోడు ఎవుడో తెలిసీవరకూ ఈ ఇంట్లో ఎవులూ ముద్ద ముట్టొద్దు."

పైడిరాజు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆ మాట అన్నాడు. చేతిలో మూడడుగుల వెదురుపుల్ల ఉంది. వెనక షెడ్డులోని డ్రమ్ములో సరుకు ఎంత ఉందో కొలుచుకోవడానికి గాట్లు పెట్టుకున్న పుల్ల అది.

పీట మీద కూర్చున్న కాంతయ్య కంచంలోంచి తల ఎత్తలేదు. పులుసన్నం మరో ముద్ద కలిపి, నింపాదిగా నమిలి మింగి, అప్పుడు అడిగాడు కొడుకుని.

"ఎంత పోనాది?"

"సీసాడు."

"బాగుంది. నీ సారా ఇంకొకడు తాగినాడు. ఆడి పేరు తెలిస్తే వచ్చే ఆదివారం మందిరంలో నీ పేరు పక్కనే చదువుతాను."

"అది సారా కాదు నాన్నా."

"మరి నిన్న అందరి ముందూ ఆ మాట ఎందుకు అనలేదు?"

నిన్న అతను నోరెత్తని మాట నిజం.

నిన్న ఆదివారం సాయంత్రం కూలీల ఇళ్ళ లైన్ల మధ్యనున్న రామమందిరంలో భజన ముగిసి, హారతి పళ్ళెం ఇంకా తిరుగుతుండగానే, తాగుడు మాన్పించే సంఘం నడిపే కాంతయ్య లేచి నిలబడ్డాడు. నూట ముప్పై మంది ముందు కొడుకు పరువు తీశాడు. "మీ ఇళ్ళలో సారా వెతికినాను. ఇయాల నా ఇంటి ఎనకే డ్రమ్ముడు సారా దొరికినాది. దాచినోడు నా కొడుకే" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు తుడుచుకున్నారు. ఇంత నిజాయితీపరుడు ఈ ఎస్టేటులోనే కాదు, కౌలా సెలంగోర్ జిల్లా మొత్తంలో లేడన్నారు. ఆ డ్రమ్ములో ఉన్నదేమిటని మాత్రం ఒక్కరూ అడగలేదు. కాంతయ్యా అడగలేదు. వేలు ముంచి వాసన చూశాడు, అంతే. ముప్పై ఏళ్ళు మేస్త్రీగా ఈ మలయా రబ్బరు తోటలో కూలీల నోళ్ళు వాసన చూసిన ముక్కు ఆయనది. ఆ ముక్కు తప్పు చెప్పదని ఆయన నమ్మకం.

"నిన్న మీ అందరి మొహాలూ సూసి నాకు ఒళ్ళు మండిపోనాది. లేచి వచ్చేసినాను. అదే తప్పు" అన్నాడు పైడిరాజు. "ఇప్పుడు సెప్తన్నాను, ఇను. దాని పేరు మిథనాల్. రేసుబండి ఇంజినులో పెట్రోలుకు బదులు పోసేది. నాలుగు చెంచాలు కడుపులోకి పోతే కళ్ళు పోతాయి. గ్లాసుడు తాగినోడు బతకడు."

పొయ్యి దగ్గర గరిట పట్టుకుని నిలబడ్డ రత్నావతి ఇటు తిరిగింది.

పదకొండేళ్ళ కాపురంలో రత్నావతి మామగారి ఎదుట గొంతు పెంచిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు కూడా ఆమె గొంతు పెంచలేదు.

"ఇసమా?" అంది భర్తతో.

"ఆఁ."

"పెట్రోలు లాంటిదే అన్నావు నాతోటి."

"లాంటిదే. పెట్రోలు తాగినా సస్తారు గదా."

"పెట్రోలు వాసన సూసి ఎవులైనా తాగుతారా? ఎలకల పాషాణం డబ్బా మీద కూడా పుర్రె బొమ్మ ఉంటాది. ఈ డ్రమ్ము మీద ఏ బొమ్మా లేదు. ఎందుకు లేదు?"

పైడిరాజు వెదురుపుల్లను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. రత్నావతి ఒక క్షణం అతని మొహంలోకి చూసి, గరిట పొయ్యి గట్టు మీద పెట్టి, చూరులో దోపి ఉన్న రబ్బరు పాలు గీసే కత్తి లాక్కుని పెరట్లోకి నడిచింది.

షెడ్డు సగాన్ని బండే ఆక్రమించింది. పైడిరాజు ఎస్టేటు వర్క్‌షాపులో ఫిట్టరు. రెండేళ్ళుగా పని దిగాక రోజూ ఇక్కడే ఉంటున్నాడు. పారేసిన లారీ చట్రం తెచ్చి, కోసి, సన్నగా చేశాడు. యుద్ధానికి ముందునాటి ఎనిమిది సిలిండర్ల ఫోర్డు ఇంజిను బిగించాడు. ముందు మోటారుసైకిలు చక్రాలు, వెనక లావుపాటి లారీ చక్రాలు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. ఇంజిను వెనక ఇరుకైన రేకు సీటు ఒకటి. వంపులు తిరగడానికి కాదు ఈ బండి. నిలబడ్డచోటు నించి దూకి, తిన్నగా పావు మైలు పరిగెత్తి ఆగిపోవడమే దాని పని. లైన్లలో అందరూ దాన్ని ఎముకల బండి అని పిలిచేవాళ్ళు.

ఆ రేకు సీటు రత్నావతి తమ్ముడు అప్పడి నడుం కొలతకు కొట్టించింది. అప్పడు రబ్బరు పాలు గీసే మనిషి, తొంభై ఎనిమిది పౌన్ల బరువు. బరువు తగ్గితే బండికి వేగం పెరుగుతుందని బావ బామ్మర్దిని ఎక్కించాడు. మొన్న శుక్రవారం ఫ్యాక్టరీ రోడ్డు మీద మొదటిసారి నడిపినప్పుడు కన్నీళ్ళు చెవుల్లోకి కారిపోయాయని అప్పడు నవ్వుతూ వచ్చి అక్కకు చెప్పాడు. ఆ రోజు రత్నావతి కూడా నవ్వింది.

ఇప్పుడు ఆమె బండి వైపు చూడలేదు. మూలనున్న డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుని కత్తి మొనతో నల్లరంగు గీకింది. రంగు కొత్తది. పెచ్చులు పెచ్చులుగా లేచింది. కింద ఎర్రగా ఏదో కనిపించింది. ఇంకా గీకింది. ముందు పళ్ళ వరస, తర్వాత కళ్ళ గుంటలు, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు బయటపడ్డాయి.

వెనకాలే వచ్చిన తండ్రీకొడుకులు గుమ్మంలో ఆగారు.

"నువ్వేనా పూసినావు?" అంది రత్నావతి.

"నానే."

"ఎందుకు?"

"ఆ బొమ్మ సూస్తే నువ్వు ఈ డ్రమ్ముని ఇంట్లో ఉండనిస్తావా? బండిని ఉండనిస్తావా?" పైడిరాజుకు కోపం వచ్చింది. తప్పు దొరికిపోయినవాడికి వచ్చే కోపం అది. "సిన్న దొర తన రేసుకారుకి రెండు డ్రమ్ములు తెప్పించుకుని, ఒకటి నాకు ఇచ్చినాడు. గేటు దగ్గర కానిస్టేబుళ్ళకి కాగితం కూడా ఆయనే రాసినాడు. నాను దొంగతనం సెయ్యలేదు. పాత ఎయిర్‌స్ట్రిప్పు మీద వచ్చే ఆదివారం పందెం. శనివారం ఈ దేశానికి సొతంత్రం వచ్చి మెర్డెకా జెండా ఎగురుతాది, మర్నాడు దొరల కార్ల పక్కన మన లైన్ల బండి నిలబడతాది. పావు మైలు, రత్నా. పదిహేను సెకన్లు. ఈ డ్రమ్ము లేకపోతే అది ఇరవై అయిపోతాది."

"ఐదు సెకన్ల కోసం పుర్రె మీద రంగు పూసినావా?"

ఇందాకటి కోపం ఎటు పోయిందో పైడిరాజుకే తెలియలేదు.

"పిల్లలు బడినించి వచ్చి ఈ షెడ్డులోనే ఆడతారు. నీకు తెలుసు. తెలిసే పూసినావు."

కాంతయ్య గొంతు సవరించుకున్నాడు. ఇంతసేపూ ఆయన పుర్రె బొమ్మ వైపు తప్ప మరోవైపు చూడలేదు. "సరి. ఇసమే అనుకుందాం. తాగినోడు తాగినాడు. తప్పు ఆడిది. సంఘంలో ప్రమాణం సేసి ఎందుకు తాగినాడు?"

"మావయ్యా, హాజరు గంట కొట్టండి" అంది రత్నావతి లేచి నిలబడి. "అందరినీ పిలిచి అది సారా కాదు, ఇసమని సెప్పండి. తాగినోడు ఎవుడైనా బయటికి రమ్మనండి. ఏటీ అనమని సెప్పండి."

"ఏటీ అనమని నాను ఎలగ సెప్తాను?"

"నోటితోటి."

"నలభై రోజులు గుమ్మం ముందు కూకుని ఎస్టేటు కల్లుషాపు మూయించినాను. తాగినోడిని మందిరం మెట్టు ఎక్కనివ్వనని దేముడి ముందు సెప్పినాను. శనివారం కౌలాలంపూర్ నించి సంఘం పెద్దలు వత్తన్నారు. మెర్డెకా నాటికి సుక్క సారా లేని ఎస్టేటు ఇదొక్కటేనని ఆళ్ళకి రాసినాను. ఇయాల ఒకడిని వదిలేస్తే రేపు పదిమంది తాగుతారు."

"రేపటికి ఒకడు సచ్చిపోతాడు."

"నిన్న సారా అని, ఇయాల కాదంటే నా మాట ఎవులు నమ్ముతారు?"

అదీ సంగతి. తాగినవాడి ప్రాణం ఆయన మాటలోకి చివరిదాకా రానే లేదు. రత్నావతికి ఆ క్షణంలో ఇద్దరి మీదా అసహ్యం వేసింది. ఒకడు బండి కోసం నిజం మీద రంగు పూశాడు. ఇంకొకడు పేరు కోసం అబద్ధాన్ని మోస్తున్నాడు. ఇద్దరూ ఒకే రక్తం, ఒకే మొండితనం.

ఆమె షెడ్డులోంచి వీధిలోకి నడిచింది. లైన్ల మొదట్లో రైలుపట్టా ముక్క ఒకటి గొలుసుతో వేలాడుతుంది. పొద్దున్న హాజరుకు కొట్టే గంట అదే. ఆడవాళ్ళు ఎవరూ దాన్ని ముట్టుకోరు. రత్నావతి ఇనప బోల్టు తీసుకుని దాన్ని చేతులు తిమ్మిరెక్కేదాకా కొట్టింది.

రబ్బరు పాలు తూకం వేయించి అప్పుడే ఇళ్ళకు చేరిన జనం గుమ్మాల్లోకి వచ్చారు. రత్నావతి గొంతు చించుకుని చెప్పింది. డ్రమ్ములో ఉన్నది సారా కాదని, తాగినవాళ్ళకు కళ్ళు పోతాయని, వెంటనే డిస్పెన్సరీలో మందులిచ్చే డ్రెస్సరు దగ్గరికి వెళ్ళాలని, ఎవరూ ఏమీ అనరని.

జనం ఆమెను చూశారు. ఆమె వెనక పదడుగుల దూరంలో నిలబడ్డ కాంతయ్యను చూశారు. ఆయన ఏమీ అనలేదు. తల ఊపనూ లేదు. ఒక తలుపు మూసుకుంది. ఆ పక్కది కూడా మూసుకుంది.

రత్నావతికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. కిందటి నెల కాంతయ్య ఇలాగే చేశాడు. ఎవరూ ఏమీ అనరని చెప్పి, తాగిన ముగ్గురి చేత ఒప్పించి, వాళ్ళ పేర్లు మందిరంలో చదివాడు. ఇది కూడా మామా కోడళ్ళు కలిసి పన్నిన ఉచ్చు అనుకుంటున్నారు.

ఆమె తలుపులు కొట్టడం మొదలుపెట్టింది. ఒకటో లైను, రెండో లైను. "మా ఆయన తాగడమ్మా." "మా ఇంట్లో ఎవులూ లేరు." "పోవే రత్నా, నువ్వు కూడా ఇలగ తయారైనావా?" తిట్టినవాళ్ళున్నారు. కిటికీలోంచి చూసి పలకనివాళ్ళున్నారు. పైడిరాజు రెండో వైపునించి మొదలుపెట్టాడు. అతనికీ అదే జవాబు. గెరిల్లాల భయంతో సర్కారు లైన్ల చుట్టూ వేసిన ముళ్ళకంచె ఈ చివర నించి ఆ చివర దాకా డెబ్భై తలుపులు కొట్టారు ఇద్దరూ. అప్పటికి గంటంబావు అయింది.

నాలుగో లైనులో ఒక్క తలుపు మాత్రం రత్నావతి కొట్టలేదు. అది తమ్ముడి ఇల్లు.

అప్పడు తాగడు. ఒకప్పుడు తాగేవాడు, మామూలుగా కాదు. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, ఆ చేతిని కాంతయ్య చేతిలో పెట్టి ప్రమాణం చేసి నలభై రోజులయింది. ఆ కాలిన మచ్చ ఇంకా పోలేదు. ఆ ఇంటి తలుపు కొడితే తమ్ముడిని అవమానించినట్టవుతుందని ఆమె దాటిపోయింది.

వెనక్కి తిరిగి వస్తుంటే ఆ తలుపే తెరుచుకుంది. మరదలు పాపమ్మ బయటికి వచ్చి నిలబడింది. కొంగు కింద నించి సీసా తీసి చూపించింది. సగానికి పైనే ఉంది అందులో.

"వదినా" అంది పాపమ్మ. ఇంకేమీ అనలేకపోయింది.

"ఎప్పుడు?"

"నిన్న భజన అయినాక. మీ ఇంటి ముందు మావయ్య మీ ఆయన్ని తిడుతుంటే ఎనకనించి ఎల్లి తెచ్చినాడు. గ్లాసుడు తాగినాడు, సోడా కలుపుకుని. రాత్రి బాగానే ఉన్నాడు. పొద్దున్న పనికి కూడా ఎల్లినాడు. చెట్టు మీద గీత కనబడటం లేదని మధ్యలో వచ్చేసినాడు. కడుపు నొప్పంటన్నాడు. కళ్ళల్లో రబ్బరుపాలు పోసినట్టు తెల్లగా ఉందంటన్నాడు."

"గంట కొట్టినప్పుడు ఎందుకు రాలేదు?"

"మావయ్య నీ ఎనకే నిలబడున్నాడు గదా వదినా."

రత్నావతి చెయ్యి లేచింది. పాపమ్మ చెంప మీద పడలేదు గాని, లేచింది. ఆ చెయ్యి తనదేనా అన్నట్టు చూసుకుని దించేసింది. పైడిరాజు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పాపమ్మ చేతిలో సీసా చూశాడు, ఆమె మొహం చూశాడు.

"అప్పడా?" అన్నాడు. "ఆడికి తెలుసు గదా. ఇంజినులో పోసింది ఆడే గదా. ఆదివారం ఆ సీటులో..."

"ఆదివారం అన్నావంటే ఈ సీసా నీ నెత్తి మీద పగలగొడతాను" అంది రత్నావతి. "ఎల్లు. డ్రెస్సర్ని తీసుకురా. లారీ తీయించు."

పైడిరాజు పరిగెత్తాడు.

డ్రెస్సరు మునుసామి వచ్చేసరికి అప్పణ్ణి వరండాలో చాప మీద పడుకోబెట్టారు. లైనంతా అక్కడే ఉంది ఇప్పుడు. మూసిన తలుపులన్నీ తెరుచుకున్నాయి. మునుసామి టార్చి వేసి కళ్ళలోకి చూశాడు, నాడి పట్టుకున్నాడు, సీసా వాసన చూశాడు. ఆయనది అరవం కలిసిన తెలుగు.

"లారీ క్లాంగ్ ఆస్పత్రికి పోవాలంటే రెండు గంటలు. అందాక నిలపాలి" అన్నాడు. "ఈ ఇసానికి విరుగుడు ఒకటే ఉండాది. బ్రాందీ. సీక్కిరం కావాలి."

జనంలో గుసగుస లేచింది. కాంతయ్య ముందుకు వచ్చాడు. "తాగి పడిపోయినోడికి మళ్ళీ తాగుడా? ఏటి మాటలివి?"

"పెద్దయ్యా, నాను యుద్ధం ముగిసిన ఏడు మిలిటరీ ఆస్పత్రిలో పని చేసినాను. ఇదే సరుకు తాగి తొమ్మండుగురు వచ్చినారు. బ్రాందీ పట్టించినోళ్ళు నలుగురు సూపుతో ఇంటికి పోనారు. మంచి సారా కడుపులో ఉంటే ఒళ్ళు దానితో తగువు పడతాది, ఈ ఇసం జోలికి పోదు. ఆలోగా డాక్టర్లు దీన్ని బయటికి తీస్తారు. డాక్టరు కూడా ఇదే సెప్తాడు."

"అయితే నీ డిస్పెన్సరీలోంచి తే."

మునుసామి ఆయన వైపు అదోలా చూశాడు. "నా బీరువాలో ఒక సీసా ఉండేది. పోయిన నెల నీ సంఘమే వచ్చి పారబోయించినాది. దొరకి అర్జీ పెట్టి మరీ. పెద్దదొర, సిన్నదొర ఇద్దరూ కౌలాలంపూర్‌లో ఉండారు. బంగళాలకి తాళం. కల్లుషాపు లేదు. ఇంక యాడనించి తేవాలి?"

చాప మీద అప్పడు కడుపు పట్టుకుని ముడుచుకుపోయాడు. పాపమ్మ వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఏడవడం కూడా మానేసింది.

"మందిరం పెట్టెలో ఒకటి ఉన్నాది" అంది రత్నావతి.

కాంతయ్య గిర్రున తిరిగాడు.

"గేటు దగ్గర ఎవుడి సంచీలోనో పట్టుకున్న సీసా. సీలు కూడా తియ్యలేదు. శనివారం పెద్దలకి సూపించడానికని గుడ్డలో సుట్టి పెట్టినారు. ప్రతి శుక్రవారం ఆ పెట్టి తుడిసేది నానే."

"అది సాక్ష్యం" అన్నాడు కాంతయ్య. "రాముడి పెట్టెలోంచి సారా తీసి జనం ముందు పొయ్యమంటావా? నా సేతులతోటి ప్రమాణాలు సేయించిన జనం ముందు?"

"అవును."

"నాను ఇంక ఈ లైన్లలో తలెత్తుకోగలనా?"

"ఆడు తలెత్తుకుంటే సూడగలడా, అది అడగండి ముందు." రత్నావతి గొంతు ఇప్పుడు లేచింది. లైను చివరిదాకా వినిపించింది. "డెబ్భై తలుపులు కొట్టినాం. మీరు నా ఎనక నిలబడి ఒక్క మాట అని ఉంటే మొదటి తలుపుకే నా తమ్ముడు దొరికేవాడు. గంటంబావు మీరు తినేసినారు మావయ్యా. పుర్రె మీద రంగు పూసి మీ కొడుకు తినేసినాడు. తాళం ఇవ్వండి. ఇవ్వకపోతే గొడ్డలి తెచ్చి పెట్టి పగలగొడతాను. రాముడు నన్నేటి సేత్తాడో సేసుకోనీ."

కాంతయ్య తాళంచెవి ఇవ్వలేదు. మొలతాడుకు కట్టిన ఆ చెవిని పిడికిట్లో పట్టుకుని తనే మందిరం వైపు నడిచాడు. జనం దారి ఇచ్చారు. అరవై రెండేళ్ళ మనిషి, ఎప్పుడూ వెన్ను వంచని మనిషి, ఇవాళ కూడా వంచకుండానే నడిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు సీసా ఆయన కండువా కింద ఉంది. ఏమీ తేలేదన్నట్టు రెండు చేతులూ దాచుకున్నాడు. రత్నావతి ఎదురెళ్ళి ఆ కండువా అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. గోధుమరంగు సీసా మధ్యాహ్నపు ఎండలో అందరికీ కనిపించింది. ఒకామె చప్పున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మునుసామి సీలు విప్పి, గ్లాసులో రెండు వేళ్ళ మేర పోసి, నీళ్ళు కలిపాడు. అప్పడి నోటి దగ్గర పెట్టాడు. అప్పడు వాసన చూసి తల పక్కకు తిప్పేశాడు.

"తాగకూడదు" అన్నాడు. "ప్రమాణం."

"తాగాలి తమ్ముడూ. తాగితేనే" అంది రత్నావతి.

"ప్రమాణం సేయించుకున్నోడే వదలాలి అక్కా. ఎవులు పడితే ఆళ్ళు వదిలేది కాదది."

అందరి చూపులూ కాంతయ్య మీదికి తిరిగాయి. ఆయన చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డ్రెస్సరు చేతిలోని గ్లాసు తీసుకున్నాడు. ఆయన జీవితంలో సారాగ్లాసు పట్టుకోవడం అదే మొదటిసారి. కాస్త బ్రాందీ వొలికి ఆయన పంచె మీద పడింది.

"అప్పడూ, నోరు తెరు."

"ఎవులు?"

అప్పడి కళ్ళు ఆయన వైపే తెరిచి ఉన్నాయి. మూరెడు దూరంలో ఉన్న మొహం వాడికి కనిపించడం లేదు.

"నానేరా. మావయ్యని."

అప్పడు చెయ్యి చాపి తడిమాడు. కాంతయ్య మోచెయ్యి దొరికింది. అక్కణ్ణించి మణికట్టు, మణికట్టునించి గ్లాసు.

"ఇది ఏటి మావయ్యా?"

"బ్రాందీ."

"మంచిదేనా?"

"మంచిదే. తాగు. నీ ప్రమాణం నాను ఎనక్కి తీసుకుంటన్నాను. అందరూ ఇంటన్నారు."

అప్పడు మళ్ళీ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. మాట్లాడినప్పుడు కోపం లేదు వాడి గొంతులో. అదే భరించలేకపోయింది రత్నావతి.

"అది ఇంజినుకి పోసేదని బావ నాకు ముందే సెప్పినాడు. నా సేతులతోనే పోసినాను, వాసన సూసి ఊరుకున్నాను. నిన్న నువ్వు రాముడి ముందు నిలబడి సారా అన్నావు. బావ అబద్ధం సెప్పినాడనుకున్నాను. నువ్వు అబద్ధం ఆడవు గదా. అందుకే తాగినాను."

కాంతయ్య గ్లాసు ఇంకా ముందుకు చాపాడు.

"ఇప్పుడు ఇది మంచిదంటన్నావు" అన్నాడు అప్పడు. "నువ్వే సెప్తన్నావు."

"అవునురా. నానే."

గేటు దగ్గర లారీ హారన్ రెండుసార్లు మోగింది. కానిస్టేబుళ్ళు కంచె గేటు తీస్తున్న చప్పుడు వినిపించింది. పైడిరాజు లారీ ఫుట్‌బోర్డు మీద నిలబడి ఏదో అరుస్తున్నాడు.

"టైం లేదు" అన్నాడు మునుసామి.

అప్పడు కాంతయ్య మణికట్టు వదిలేశాడు. మొహం గోడ వైపు తిప్పుకుని పళ్ళు బిగించాడు.